ప్రొఫెషనల్ మిర్రర్‌లెస్ వర్సెస్ పాకెట్ కాంపాక్ట్: తేడా ఎక్కడ కనిపిస్తుంది, ఎక్కడ కనిపించదు?

"కెమెరా కొందామనుకుంటున్నా బ్రో, ఏది తీసుకోమంటావ్?" ఆఫీసులో నన్ను ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఇదే. కోడ్‌లో వచ్చే డౌట్లు దీని తర్వాతే. అడిగేవాళ్ళలో చాలామంది అప్పటికే ఈఎంఐ లెక్క వేసుకుని ఉంటారు. ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ తీసుకుంటే ఫోటోలు వాటంతట అవే అదిరిపోతాయని ఒక నమ్మకం. ఇంకో బ్యాచ్ దీనికి రివర్స్. "చిన్న కాంపాక్ట్ చాలు, పెద్ద కెమెరాలన్నీ షో" అంటారు.

రెండూ సగం నిజాలే. మిగతా సగం తెలియాలంటే వెలుతురు గురించి మాట్లాడుకోవాలి. మెగాపిక్సెల్స్ గురించి కాదు. ఈ ఆర్టికల్‌లో రెండు నిజమైన కెమెరాలు తీసుకుని, లెక్కలతో సహా చూద్దాం. లెక్కలంటే భయపడకండి, ఇంటర్ ఫిజిక్స్ కూడా అక్కర్లేదు.

ఏ రెండు కెమెరాలు?

ఒకటి సోనీ ఏ7 ఫోర్. 2021లో వచ్చింది. పెళ్ళిళ్ళు, యాడ్స్, యూట్యూబ్ ఇలా డబ్బులొచ్చే పనులకి చాలామంది వాడే కెమెరా. రెండోది సోనీ ఆర్ఎక్స్100 మార్క్ సెవెన్. 2019లో వచ్చింది. జేబులో పట్టే కాంపాక్ట్‌లలో పైస్థాయిది. రెండూ కొత్తవి కావు, కానీ సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఇప్పటికీ వీటి గురించి వెతికేవాళ్ళు ఉన్నారు. పైగా రెండూ ఒకే కంపెనీవి కాబట్టి, బ్రాండ్ల గొడవ లేకుండా సైజు తేడా ఒక్కటే చూడొచ్చు. కాంపాక్ట్ నా సొంతం. ఏ7 ఫోర్, దాని లెన్సులు మా కజిన్ దగ్గర తీసుకుని కొన్ని వారాలు వాడాను. వాడు పెళ్ళి ఫోటోగ్రాఫర్.

ముఖ్యమైన నంబర్లు ఇవి:

- సెన్సర్: ఏ7 ఫోర్‌ది 35.9 బై 23.9 ఎంఎం. ఆర్ఎక్స్100ది 13.2 బై 8.8 ఎంఎం.
- మెగాపిక్సెల్స్: 33, 20.
- లెన్స్: ఏ7 ఫోర్‌కి విడిగా కొనుక్కోవాలి. ఆర్ఎక్స్100కి 24 నుంచి 200 ఎంఎం వరకు జూమ్, ఎఫ్/2.8 నుంచి ఎఫ్/4.5. ఇది బాడీతోనే వస్తుంది, మార్చలేం.
- బరువు: ఏ7 ఫోర్ లెన్స్ లేకుండానే 658 గ్రాములు. ఆర్ఎక్స్100 అంతా కలిపి 302 గ్రాములు.
- బ్యాటరీ: కంపెనీ లెక్క ప్రకారం స్క్రీన్ చూస్తూ తీస్తే 580 ఫోటోలు, 260 ఫోటోలు.

అసలు కథ సెన్సర్ వైశాల్యంలో ఉంది

కాంపాక్ట్‌లో ఉండేదాన్ని "1 అంగుళం సెన్సర్" అంటారు. పేరు చూసి మోసపోకండి. మూల నుంచి మూలకి కొలిస్తే అది 16 ఎంఎం కూడా ఉండదు. పాత వీడియో కెమెరాల్లో గాజు ట్యూబులు ఉండేవి. ఆ ట్యూబు బయటి కొలతలతో సైజులు చెప్పే అలవాటు అలాగే మిగిలిపోయింది.

వైశాల్యం లెక్క వేస్తే ఏ7 ఫోర్ సెన్సర్ సుమారు 858 చదరపు ఎంఎం, కాంపాక్ట్‌ది 116. అంటే దాదాపు 7.4 రెట్లు తేడా.

దీనివల్ల ఏమవుతుంది? వాన పడుతున్నప్పుడు వాకిట్లో ఒక చెంబు, ఒక గంగాళం పెట్టారనుకోండి. వాన రెండిటి మీదా ఒకేలా పడుతుంది. కానీ ఐదు నిమిషాల తర్వాత గంగాళంలో ఉండే నీళ్ళు వేరు, చెంబులో ఉండేవి వేరు. సెన్సర్ మీద పడే వెలుతురు కూడా అంతే. చుక్కలు చుక్కలుగా, ఫోటాన్లుగా వస్తుంది. ఎన్ని ఎక్కువ చుక్కలు పట్టుకుంటే ఫోటో అంత నున్నగా ఉంటుంది. తక్కువ పట్టుకుంటే ఆ చుక్కల మధ్య హెచ్చుతగ్గులే ఇసుక చల్లినట్టు కనిపిస్తాయి. మనం నాయిస్ అనేది ఎక్కువభాగం ఇదే.

ఇంకో విషయం. వెలుతురు 7.4 రెట్లు పెరిగితే ఫోటో శుభ్రత 7.4 రెట్లు పెరగదు. దాని వర్గమూలం, అంటే సుమారు 2.7 రెట్లు పెరుగుతుంది. బాగా పెద్ద తేడానే, కానీ యాడ్స్‌లో చెప్పినంత కాదు.

ఎఫ్/2.8 అన్నీ ఒకటి కావు

ఇక్కడే చాలామంది పొరబడతారు. రెండు కెమెరాలూ ఎఫ్/2.8 కదా, వెలుతురు ఒకటే కదా అనుకుంటారు. ఎఫ్ నంబర్ అంటే లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని లోపలి రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేది. ఆర్ఎక్స్100 లెన్స్ మీద 24 ఎంఎం అని చెప్పినా, నిజంగా దాని ఫోకల్ లెంగ్త్ 9 ఎంఎం. 24 అనేది ఫుల్ ఫ్రేమ్‌తో పోల్చి చెప్పే నంబర్. 9ని 2.8తో భాగిస్తే రంధ్రం 3.2 ఎంఎం. ఏ7 ఫోర్ మీద నిజమైన 24 ఎంఎం, ఎఫ్/2.8 లెన్స్ పెడితే రంధ్రం 8.6 ఎంఎం.

ఒకటి పెసరగింజంత, ఇంకోటి బఠాణీ కన్నా పెద్దది. ఒకే సీన్, ఒకే షట్టర్ స్పీడ్, కానీ రెండో రంధ్రంలోంచి 7 రెట్లు పైనే వెలుతురు వస్తుంది.

జూమ్ చేస్తే ఇంకా ఆసక్తిగా ఉంటుంది. కాంపాక్ట్‌ని 200 ఎంఎం వరకు లాగితే నిజమైన ఫోకల్ లెంగ్త్ 72, ఎఫ్/4.5, కాబట్టి రంధ్రం 16 ఎంఎం. ఏ7 ఫోర్‌కి 70-200 ఎఫ్/2.8 లెన్స్ తగిలిస్తే 200 దగ్గర రంధ్రం 71 ఎంఎం. వెలుతురు దాదాపు 20 రెట్లు తేడా. ఆ లెన్స్ ముందు అద్దం ఎందుకంత పెద్దగా ఉంటుందో, ఎందుకంత ఖరీదో ఇప్పుడు అర్థమైందిగా.

పగలు: తేడా కనిపెట్టండి చూద్దాం

గోల్కొండ కోట మీద ఉదయం ఎండలో రెండిటితో ఒకే ఫ్రేమ్‌లు తీశాను. రెండూ తక్కువ ఐఎస్ఓలోనే. ఫోన్‌లోకి పంపి ఫ్రెండ్స్‌కి చూపిస్తే ఏది ఏ కెమెరాదో ఊహించి చెప్పారు, అంతే. కొందరు కరెక్ట్, కొందరు రాంగ్.

ఇందులో వింతేమీ లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో నిలువు పోస్ట్ 1080 బై 1350 అనుకుంటే అది ఒకటిన్నర మెగాపిక్సెల్ కూడా కాదు. ఏ4 సైజులో మంచి ప్రింట్ వేయాలన్నా 9 మెగాపిక్సెల్స్ లోపే చాలు. 20 ఉన్నా 33 ఉన్నా అందులో చాలావరకు పారేస్తున్నాం. వాన జోరుగా ఉంటే చెంబు కూడా నిండిపోతుంది కదా.

అయితే ఒక మినహాయింపు ఉంది. వెనక ఆకాశం మెరిసిపోతూ, ముందు గోడ నీడలో ఉందనుకోండి. ఆకాశం తెల్లగా కాలిపోకుండా తీసి, తర్వాత లైట్‌రూమ్‌లో నీడ భాగాన్ని పైకి లేపితే, ఏ7 ఫోర్ ఫైల్‌లో రాళ్ళ గరుకుదనం శుభ్రంగా బయటికి వస్తుంది. కాంపాక్ట్ ఫైల్‌లో ముందు నాయిస్ వస్తుంది. ఎడిటింగ్ బాగా చేసేవాళ్ళకి ఇది పెద్ద విషయం. తీసినది తీసినట్టు స్టేటస్ పెట్టేవాళ్ళకి అస్సలు తెలియదు.

రాత్రి స్టేజీ: ఇక్కడ పోటీయే లేదు

మా చుట్టాలమ్మాయి కూచిపూడి అరంగేట్రంలో రెండూ పట్టుకుని కూర్చున్నాను. సగం లైట్లు రంగులవి, ఆ పిల్లేమో ఒక్క క్షణం నిలవదు. చెయ్యి, కాలు కదలిక ఆగాలంటే కనీసం 1/250 సెకను షట్టర్ కావాలి. కాంపాక్ట్‌ని 200 ఎంఎంకి లాగితే ఎఫ్/4.5, ఐఎస్ఓ 6400 వచ్చింది. ఏ7 ఫోర్ అదే వెలుతురుకి ఎఫ్/2.8తో ఐఎస్ఓ 2500 దగ్గర ఆగింది. ఐఎస్ఓ తేడా రెండున్నర రెట్లే కదా అనిపిస్తుంది. కానీ సెన్సర్ సైజు తేడా కూడా కలిపితే పైన చెప్పిన 20 రెట్లు అదే.

కాంపాక్ట్ ఫోటోల్లో ముఖం మీద మేకప్, కళ్ళ కాటుక అన్నీ పేస్టులా కలిసిపోయాయి. ఏ7 ఫోర్‌లో నుదుటి మీద చెమట చుక్క కూడా తెలిసింది. అభినయమంతా కళ్ళలోనే ఉండే నాట్యంలో ఈ తేడా చిన్నది కాదు. ఆ రాత్రి మళ్ళీ రాదు. ఇంటివాళ్ళు ఫ్రేమ్ కట్టించుకునేది ఈ ఫోటోనే.

వెనక బ్యాక్‌గ్రౌండ్ మసకబారడం కూడా ఈ రంధ్రం సైజు పనే. 85 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ రంధ్రం 47 ఎంఎం. దాని ముందు కాంపాక్ట్ ఎంత ట్రై చేసినా ఆ పోర్ట్రెయిట్ లుక్ రాదు.

ట్విస్ట్: లాడ్ బజార్ ఫోటో

ఇప్పటిదాకా చదివి "అయితే ఫుల్ ఫ్రేమే" అని ఫిక్స్ అయిపోకండి. చాలా రివ్యూల్లో చెప్పని విషయం ఇది.

సాయంత్రం లైట్లు వెలిగాక లాడ్ బజార్‌లో నిలబడ్డాను. నాకు కావాల్సిన ఫోటోలో ముందు, మీటరు పైచిలుకు దూరంలో గాజుల వరసలు, వెనక చార్మినార్. రెండూ షార్ప్‌గా ఉండాలి. ఏ7 ఫోర్ మీద 24 ఎంఎం దగ్గర ఎఫ్/2.8 పెడితే రెండూ కలిపి షార్ప్‌గా రావు. గాజులు షార్ప్ అయితే చార్మినార్ మసక, అది షార్ప్ అయితే ఇవి మసక. ఎఫ్/8కి వెళ్ళాల్సిందే. అప్పుడు రంధ్రం ఎంత? 24ని 8తో భాగిస్తే 3 ఎంఎం. కాంపాక్ట్ ఎఫ్/2.8 దగ్గర ఎంత? 3.2 ఎంఎం. అంటే రెండు కెమెరాల్లోకీ ఇంచుమించు ఒకే వెలుతురు వస్తోంది! షట్టర్ 1/60 దగ్గర ఉంచితే కాంపాక్ట్‌లో ఐఎస్ఓ 800, ఏ7 ఫోర్‌లో 6400. నాయిస్ కూడా దాదాపు సమానం. గంగాళం మీద మూత పెట్టి, చెంబంత కన్నం వదిలినట్టన్నమాట.

ఫుల్ ఫ్రేమ్ ఇక్కడ ఓడిపోదు. కానీ ముందు కూడా ఉండదు. కదిలే మనుషులు లేకపోయినా, ట్రైపాడ్ ఉన్నా షట్టర్ ఎక్కువసేపు తెరిచి మళ్ళీ గెలుస్తుంది. జనం మధ్య చేత్తో పట్టుకుని, అంతా షార్ప్‌గా కావాలంటే మాత్రం 300 గ్రాముల కెమెరా కిలోమూడొందల సెటప్‌కి సమానం. ట్రావెల్, స్ట్రీట్, ఫుడ్ ఫోటోల్లో ఇలాంటి సీన్లు మనం అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ.

ఇలాంటివే ఇంకో రెండు పాయింట్లు చిన్న కెమెరా ఖాతాలో వేయాలి. దానికి ఫ్లాష్ లోపలే ఉంది, ఏ7 ఫోర్‌కి లేదు. పైగా కాంపాక్ట్ షట్టర్ లెన్స్ లోపలే ఉంటుంది కాబట్టి 1/2000 సెకను వరకు ఫ్లాష్ కలిసి పనిచేస్తుంది. ఏ7 ఫోర్‌లో మామూలుగా 1/250 దాకానే. మిట్టమధ్యాహ్నం ఎండ వెనక ఉండి ముఖం నల్లగా పడుతుంటే ఈ చిన్న ఫ్లాష్ ప్రాణం పోస్తుంది. స్పీడ్‌లో కూడా కాంపాక్ట్ సెకనుకి 20 ఫోటోలు తీస్తుంది, ఏ7 ఫోర్ గరిష్ఠంగా 10. ఫోకస్ విషయానికొస్తే రెండూ కన్ను పట్టుకుంటాయి, కానీ వెలుతురు తగ్గేకొద్దీ ఏ7 ఫోర్ పట్టు నమ్మకంగా ఉంటుంది. పక్షుల కళ్ళని గుర్తుపట్టే ఆప్షన్ కూడా దాన్లోనే ఉంది.

డబ్బులు తీసుకుని తీస్తే లెక్క వేరు

ఎంగేజ్‌మెంట్, హాఫ్ శారీ ఫంక్షన్ ఏదైనా సరే, ఒకళ్ళ దగ్గర అడ్వాన్స్ తీసుకున్నారంటే ఇమేజ్ క్వాలిటీ రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న "కార్డ్ పోతే ఏంటి?" ఏ7 ఫోర్‌లో రెండు కార్డ్ స్లాట్లు ఉన్నాయి. ప్రతి ఫోటో రెండు చోట్లా రాసుకునేలా పెట్టొచ్చు. కాంపాక్ట్‌లో ఒక్కటే స్లాట్. తాళి కట్టే ఫోటోకి రీటేక్ ఉండదు కదా. ప్రొడక్షన్ సర్వర్‌కి బ్యాకప్ లేకుండా ఎవరైనా డిప్లాయ్ చేస్తారా? ఇదీ అంతే.

బ్యాటరీ 580 వర్సెస్ 260, పైన ఫ్లాష్, మైక్ తగిలించే షూ, రంగులు సరిచేసుకోవడానికి 10 బిట్ వీడియో, ఎక్కువసేపు వీడియో తీసినా త్వరగా వేడెక్కని బాడీ ఇవన్నీ ఏ7 ఫోర్ పక్షానే. కాంపాక్ట్‌లో వీడియో 8 బిట్. మైక్ జాక్ ఉంది గానీ మైక్ పెట్టుకోవడానికి షూ లేదు. ఛార్జింగ్ కూడా 2019లో వచ్చిన మోడల్ కాబట్టి మైక్రో యూఎస్‌బీ. ఏ7 ఫోర్‌లో టైప్ సి. "ప్రొఫెషనల్" అనే మాటకి అసలు అర్థం ఇదే. అందమైన ఫోటో వస్తుందని కాదు, పని మధ్యలో ఆగిపోదని.

మరి ఫోన్ ఉంది కదా?

ఈ ప్రశ్న అడగకపోతే ఆశ్చర్యపోయేవాడిని. షావోమీ 13 ప్రో లాంటి కొన్ని ఫోన్లలో మెయిన్ కెమెరాకి 1 అంగుళం సెన్సరే ఉంది, లెన్స్ ఎఫ్/1.9. అంటే జూమ్ చేయకుండా తీస్తే, ఆ ఫోన్ కాంపాక్ట్ కన్నా రెండు రెట్లు ఎక్కువ వెలుతురు పట్టుకుంటుంది. పైగా వరసగా కొన్ని ఫ్రేమ్‌లు తీసి కలిపేస్తుంది. అలాంటి ఫోన్ మీ చేతిలో ఉంటే, వైడ్ ఫోటోల కోసం మాత్రమే కాంపాక్ట్ కొనడం దండగ.

కాంపాక్ట్ బలం జూమ్‌లో ఉంది. 24 నుంచి 200 దాకా ప్రతి పాయింట్‌లోనూ అదే సెన్సర్ వాడుతుంది. ఫోన్‌లో జూమ్ కెమెరాలకి సాధారణంగా ఇంకా చిన్న సెన్సర్లు ఉంటాయి. మధ్యలో వచ్చే దూరాలకి క్రాప్ చేసి నింపుతాయి. దాంతోపాటు కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్, నిజమైన ఫ్లాష్ వస్తాయి. ఈ మూడూ మీకు అవసరం లేకపోతే ఫోన్‌తోనే కొనసాగండి, తప్పేం లేదు.

బరువు, డబ్బు

విడుదలైనప్పుడు అమెరికాలో ఏ7 ఫోర్ బాడీ ధర సుమారు 2,500 డాలర్లు, ఆర్ఎక్స్100 మార్క్ సెవెన్ 1,200 డాలర్లు. రెండింతలేగా అనుకోవద్దు. బాడీ ఒక్కటే ఉంటే ఫోటో రాదు. 24-70 ఎఫ్/2.8 జీఎం రెండో వెర్షన్ లెన్స్ ఒక్కటే విడుదలలో సుమారు 2,300 డాలర్లు. 70-200 ఎఫ్/2.8 ఇంకా ఎక్కువ. కాంపాక్ట్‌కి ఉన్న జూమ్ మొత్తాన్ని ఈ క్వాలిటీతో కవర్ చేయాలంటే రెండు లెన్సులూ కావాలి. బాడీ 658, ఒక లెన్స్ 695, ఇంకోటి 1045. మొత్తం 2.4 కిలోలు. కాంపాక్ట్‌కి ఎనిమిది రెట్లు.

సరే, బాడీకే డబ్బులన్నీ పెట్టి చవకైన 28-70 ఎఫ్/3.5-5.6 కిట్ లెన్స్‌తో సరిపెడదాం అంటారా? 70 ఎంఎం దగ్గర ఎఫ్/5.6 అంటే రంధ్రం 12.5 ఎంఎం. ఎఫ్/2.8 అయితే 25. మీరు సెన్సర్ కోసం పెట్టిన డబ్బుకి రావాల్సిన వెలుతురులో మూడొంతులు లెన్స్ దగ్గరే ఆగిపోయింది. గంగాళం కొని దానికి ఇరుకు మూతి పెట్టడం లాంటిది. బడ్జెట్ తక్కువైతే 50 ఎంఎం ఎఫ్/1.8 లాంటి సింగిల్ లెన్స్ తీసుకోండి. 186 గ్రాములే, రంధ్రం మాత్రం 28 ఎంఎం. జూమ్ ఉండదు, కాళ్ళతో ముందుకీ వెనక్కీ నడవాలి.

ఇక ఏది కొనాలి?

మిర్రర్‌లెస్ ఎవరికి: ఫంక్షన్లు, స్టేజీ, ఇండోర్ స్పోర్ట్స్, పక్షులు తీసేవాళ్ళకి. పోర్ట్రెయిట్‌లు ఇష్టమైనవాళ్ళకి. డబ్బులు తీసుకుని పనిచేసేవాళ్ళకి. బాడీతో పాటు మంచి లెన్స్‌కి కూడా బడ్జెట్ ఉన్నవాళ్ళకి.

కాంపాక్ట్ ఎవరికి: ట్రెక్కింగ్, బైక్ ట్రిప్పులు, గుళ్ళూ కోటలూ తిరిగేవాళ్ళకి. పిల్లల్ని పగటిపూట ఆటల్లో తీసేవాళ్ళకి. ఇప్పటికే మిర్రర్‌లెస్ ఉండి, బరువు వల్ల ఇంట్లో వదిలేసి వెళ్తున్నవాళ్ళకి.

ఇంకా తేలలేదా? ఫోన్ గ్యాలరీ తెరిచి, మీకు బాగా నచ్చిన చివరి 100 ఫోటోలు చూడండి. ప్రతిదానికీ రెండు ప్రశ్నలు వేసుకోండి. చీకట్లో కదులుతున్న మనిషినో, వెనక మసకబారాల్సిన ముఖాన్నో తీశానా? లేక వెలుతురున్న చోట, అంతా షార్ప్‌గా కనిపించాల్సిన సీన్ తీశానా? మొదటి రకం సగం దాటితే మిర్రర్‌లెస్ ఈఎంఐకి అర్థం ఉంది. కట్టే ముందు ఒక వీకెండ్ అద్దెకి తీసుకుని, అదే బరువుతో మీరు నిజంగా తిరగగలరో లేదో చూసుకోండి. రెండో రకమే ఎక్కువైతే, మిగిలిన డబ్బుతో టికెట్ బుక్ చేసుకోండి. చిన్న కెమెరా జేబులో పెట్టుకుని వెళ్ళే ఆ ట్రిప్ వల్ల మీ ఫోటోలు ఎక్కువ మారతాయి.